మట్టి ఎద్దు, బెండు బండి: పాలమూరు, నల్లగొండ బాల్యం చెప్పే ఆరోగ్యపాఠం

ఆటవస్తువులకూ చరిత్ర ఉన్నది. అయితే అవి మట్టితో, ఆకులతో, గుడ్డ పేలికలతో చేసినవి గనుక కాలానికి నిలువలేదు. వాటి జాడలను సాహిత్యంలోనూ ఆచారాలలోనూ వెదకవలసి ఉంటుంది. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన తన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ బొమ్మల పెండ్లిళ్ళను, గుజ్జనగూళ్ళను పేర్కొన్నాడు. గుజ్జనగూళ్ళు అంటే పిల్లలు ఉత్తుత్తిగా వండి వడ్డించుకొనే ఆటవంట. అదే ఆటను నేటి మూడేండ్ల పాప కూడా ఆడుతున్నది.

పోతన ఊరికి దక్షిణాన ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో పిల్లల ఆటవస్తువులు పొలం నుండే వచ్చేవి. జొన్నకోతలు ముగిసిన తరువాత ఎండిన దంటును చీల్చి, లోపలి తెల్లని బెండును పుల్లలతో గుచ్చి, బండ్లు, ఎద్దులు, కళ్ళద్దాలు చేసుకొనేవారు. వేసవిలో ముంజలు తిని పారవేసిన తాటికాయలు రెండు, ఒక ఇరుసు పుల్ల, ఒక పంగల కర్ర దొరికితే ముంజకాయల బండి సిద్ధమయ్యేది. కుమ్మరి చేసిన చిన్న గురుగులలో మట్టి అన్నమయ్యేది, చింతాకు కూరయ్యేది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలో జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులను చేసి పూజించే ఆచారం ఉన్నది. భాద్రపదంలో బాలికలు మట్టితో బొడ్డెమ్మను దిద్ది, పూలు పెట్టి, దాని చుట్టూ ఆడతారు.

ఈ వస్తువులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. వాటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. మట్టి ఎద్దు రంకె వేయదు, బెండు బండి తనంతట తాను కదలదు. ఆ కొరతను బిడ్డ తన ఊహతో, తన నోటి శబ్దంతో పూరించుకొంటుంది. రష్యా మనోవిజ్ఞానవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో చేసిన ఉపన్యాసంలో ఈ విషయాన్నే వివరించాడు: కర్రను గుర్రంగా భావించే బిడ్డ, వస్తువు నుండి అర్థాన్ని వేరు చేయడం నేర్చుకొంటున్నది. అక్షరాభ్యాసానికి కూడా కావలసినది అదే. ఒక గీతలో శబ్దాన్ని చూడగల శక్తికి కర్రలో గుర్రాన్ని చూచిన నాడే బీజం పడుతుంది.

ఇంతమాత్రాన గడచిన కాలాన్ని స్వర్ణయుగమని భావించరాదు. కరవు వచ్చినప్పుడల్లా పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దూర ప్రాంతాల ఆనకట్టల పనులకు వలస వెళ్ళారు. వారి బిడ్డలలో కొందరు పనిస్థలాల ఇసుక కుప్పల వద్ద, కొందరు ఊరిలో అవ్వాతాతల వద్ద పెరిగారు. ఆడుకొనే వయస్సులోనే పశువుల వెంట నడిచినవారు ఎందరో. ఇసుక, రాళ్ళు, పుల్లలు ఎక్కడైనా ఉన్నవి. కొరవడినవి తిండి, భద్రత, పక్కన కూర్చుండి మాట్లాడే పెద్దల తోడు.

ఆ తోడు విలువను మరొక పేద దేశంలో జరిగిన పరిశోధన లెక్కగట్టినది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986–87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం, ఎదుగుదల కుంటుపడిన 9 నుండి 24 నెలల వయస్సు గల 129 మంది పిల్లలను ఎంచుకొన్నది. వారిలో కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్ల పాటు వారానికొక గంట వెళ్ళారు. పారవేసే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించాలో తల్లులకు చూపారు. ఇరువది ఏండ్ల తరువాత చూడగా, ఆ పిల్లల సంపాదన అటువంటి ఆట అందని తోటివారికంటే 25 శాతం అధికంగా ఉన్నది. ఆహారం అక్కరలేదని దీని అర్థం కాదు. ఆహారంతో పాటు ఆట, మాట కూడా అవసరమని అర్థం.

నేడు ఇండ్లలో బొమ్మలు పెరిగినవి. మీట నొక్కితే పాడే బొమ్మ వద్ద బిడ్డకు మిగిలేది చూడడమే. అన్నం తినిపించడానికి చేతికిచ్చే ఫోను ఆ చూపును కూడా కట్టివేస్తుంది. రెండేండ్ల లోపు పిల్లలకు తెర చూపవద్దని, రెండు నుండి నాలుగేండ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

కావున తల్లిదండ్రులు గమనించవలసినవి కొన్ని. ఖాళీ అట్టపెట్టెలు, చెక్క ముక్కలు, పాత చీర పేలికలు, గిన్నెలు, తడి మట్టి ఇవ్వండి. ఏమి చేయాలో చెప్పకండి. బిడ్డ వడ్డించిన మట్టి అన్నాన్ని తిన్నట్లు నటించి, ఉప్పు తక్కువైనదని చెప్పండి. రోజుకు అరగంట చాలును. మూడేండ్ల లోపు పిల్లలకు చింతగింజలు, సీతాఫలం గింజలు, గోలీలు అందనీయకండి. అవి శ్వాసనాళంలో అడ్డుపడి ప్రాణాపాయం కలిగించగలవు. జొన్న దంటు తొక్క వేళ్ళను కోస్తుంది గనుక దానిని పెద్దలే చీల్చి ఇవ్వాలి. మట్టిలో ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడగండి. దీనికి డబ్బు అవసరం లేదు. పెద్దల సమయం మాత్రమే అవసరం.