ఆక్సిజన్ ఛాంబర్, ఎంసీఆర్ చెప్పులు

మానని పుండుకు ఆక్సిజన్ ఛాంబర్ అనగానే పెద్దాసుపత్రి గుర్తొస్తుంది గానీ, ఈ వైద్యం పుట్టింది అక్కడ కాదు. నీళ్ల అడుగున వంతెనల పునాదులు తవ్విన కూలీలకు, సముద్రంలో మునిగిన డైవర్లకు పైకి రాగానే కీళ్లు పట్టేసేవి. వాళ్లను మళ్లీ ఒత్తిడి గాలిలోకి పంపి, మెల్లగా బయటికి తేవడంతో మొదలైంది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బూరెమా ఈ పద్ధతిని దాని కొసదాకా లాగి చూశాడు. ఎర్ర కణాలు దాదాపు లేకుండా చేసిన పందులను 3 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో, ఆక్సిజన్ ఇచ్చి బతికించాడు. కిటుకు చిన్నదే. మామూలు గాలిలో 100 మిల్లీలీటర్ల రక్తంలోని నీటిలో కరిగే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు, ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ పీలిస్తే దాదాపు 6. రక్తనాళాలు పూడుకుపోయిన షుగర్ రోగి పాదానికి ఇదే దారి అని వైద్యులు ఆశపడటంలో వింతేమీ లేదు.

ఆ ఆశ సగమే నిలిచింది. 2010లో స్వీడన్‌లో 94 మందిపై జరిగిన పరీక్షలో, ఛాంబర్‌లో ఆక్సిజన్ పీల్చినవాళ్లలో 52 శాతం మందికి, అదే ఛాంబర్‌లో ఉత్త గాలి పీల్చినవాళ్లలో 29 శాతం మందికి ఏడాదిలోపు పుండు మానింది. 2016లో కెనడా పరీక్ష మాత్రం కాలు తీసేయాల్సిన అవసరం తగ్గలేదని తేల్చింది. 2018 నాటి నెదర్లాండ్స్ పరీక్షలోనూ స్పష్టమైన మేలు కనపడలేదు. ఛాంబర్ వంతు వచ్చిన 60 మందిలో చికిత్స పూర్తిచేసింది 39 మందే. కారణాలు ఏవైనా, నా మటుకు అసలు ఫలితం ఈ అంకే. వారానికి 5 రోజులు, పూటకు గంటన్నర నుంచి రెండు గంటలు, 30 నుంచి 40 సార్లు! చదును నేల, మంచి రోడ్లున్న దేశంలోనే మూడోవంతు మంది నిలవలేకపోతే, అరకు నుంచి 110 కిలోమీటర్లు ఘాట్ దిగి విశాఖ రావాల్సిన మనిషి సంగతేమిటి? బస్సెక్కడానికే డోలీ కట్టాల్సిన గూడేలున్నాయి.

పాదాన్ని కాపాడిన రెండో చరిత్ర, కుష్ఠు వైద్యానిది, మనకు మరీ దగ్గరిది. ఈ కొండల అంచునే, సాలూరులో, ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. కుష్ఠు రోగి పాదం కుళ్లేది రోగం వల్ల కాదని, నొప్పి తెలియక పుండు మీదే నడవడం వల్లనని 1946లో వెల్లూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ గట్టిగా చూపించాడు. మెత్తటి రబ్బరు (మైక్రో సెల్యులర్ రబ్బర్) అట్ట వేసిన ఎంసీఆర్ చెప్పులు ఆ ఆలోచన వెంటే వచ్చాయి, పాదాన్ని అంటిపెట్టుకునే పిండికట్టు అంతకు ముందు నుంచే ఉంది. 1966లో ఆయన అమెరికా వెళ్లాక అవే షుగర్ రోగుల పాదాలకూ పనికొచ్చాయి.

పేదవాడికి చెప్పులు, ఉన్నవాడికి ఛాంబరా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రక్తం ఆడని పాదాన్ని చెప్పు మాన్పలేదు. ముందు రక్తనాళం తెరవాలి, అదీ చాలకపోతే ఛాంబర్. అప్పుడు మన్యం రోగిని పంపడమంటే రిఫరల్ చీటీ చేతిలో పెట్టడం కాదు, ఆ ఆరు నుంచి ఎనిమిది వారాలూ అతనికి, తోడొచ్చినవాళ్లకు బస, కూడు చూడటం. ఇక చోళ్ల అంబలి తాగేవాళ్లకు షుగరెక్కడిదనే మాట పాతబడింది. చోళ్ల పక్కన రేషన్ బియ్యం ఎప్పుడో చేరింది. పైగా పరీక్ష చేయని చోట షుగర్ కనపడదు.

పాదం పరీక్షకు కావలసింది ఓ నైలాను పోగు. అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కితే పడే బరువు 10 గ్రాములు. కళ్లు మూసుకున్న మనిషి 'తగిలింది' అనకపోతే, కాగితం మీద అతని పాదం పెట్టించి, చెప్పుల కొలతకు చుట్టూ పెన్సిల్ గీత గీయాల్సింది ఆ పూటే.