ఆరుబయటి చదువు – దాని చరిత్ర

ఏడాదికొకసారి విద్యార్థులను వనభోజనమునకు తీసికొనిపోవుట మన పాఠశాలలకు కొత్త కాదు. పాఠము కొరకే, వారము వారము, ఏడాది పొడవునా బయటికి తీసికొనిపోవుట వేరు. ఇట్టి ప్రయత్నములు పలుదేశములలో జరిగినవి. వానిలో కొన్ని నిలిచినవి, కొన్ని అంతరించినవి. అందుకు గల కారణములు మన ఉపాధ్యాయులకు తెలియదగినవి.

1904 ఆగస్టు 1వ తేదీన జర్మనీలో, బెర్లిన్ నగరమును ఆనుకొనియున్న షార్లొటెన్‌బుర్గ్ పట్టణమువారు పైన్ చెట్ల నడుమ ఒక అడవిబడిని తెరచిరి. ఇరుకు ఇండ్లలో పెరిగి, రక్తహీనతతో బలహీనులై, క్షయవ్యాధికి లోనగుదురేమో యని వైద్యులు భయపడిన పిల్లలకై అది ఏర్పడెను. ఒక్కొక్క పాఠము ఇంచుమించు అరగంట మాత్రమే. నడుమ విరామము, పుష్టికరమైన ఆహారము, మధ్యాహ్నము చెట్ల క్రింద విశ్రాంతి. పిల్లల బరువు పెరిగెను. పాఠముల కాలము తగ్గినను వారు చదువులో వెనుకబడలేదని ఉపాధ్యాయులు గమనించిరి. ఈ వార్త త్వరలోనే వ్యాపించెను. 1907లో లండన్ నగరమున బోస్టల్ అడవిలోను, 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమునను ఇట్టి బడులు వెలసినవి.

అయితే ఈ బడులను పుట్టించినది రోగభయము. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. క్రమముగా క్షయకు మంచి మందులు వచ్చినవి, ఇండ్లును బాగుపడినవి. ఆరుబయటి బడులు చాలవరకు మూతపడినవి. బయటికి వచ్చుటకు ఆరోగ్యమే ముఖ్యకారణము గనుక, ఆ కారణము తొలగగానే తరగతి మరల గోడల నడుమకు చేరినది. పిల్లలు అచట బాగుగా నేర్చుకొనిరన్న సంగతి ఆ బడులను కాపాడలేకపోయెను.

చదువు కొరకే బయటికి వచ్చినవారి కథ వేరు. 1873 వేసవిలో ప్రకృతిశాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ అమెరికా తూర్పుతీరమునకు చేరువనున్న పెనికీస్ అను చిన్నదీవిలో సుమారు 50 మంది ఉపాధ్యాయులను, విద్యార్థులను చేర్చి, సముద్రజీవులను అవి యున్నచోటనే పరిశీలింపజేసెను. ఆ డిసెంబరులోనే ఆయన మరణించెను. మరుసటి వేసవితో ఆ బడియు ముగిసెను. కాని అచట చూచుట నేర్చినవారు ఆ పద్ధతిని తమ తరగతులకు కొనిపోయిరి. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆనా కామ్‌స్టాక్ ప్రకృతి పరిశీలనపై ఉపాధ్యాయులకై పెద్ద గ్రంథమును వెలువరించెను. పాఠము చిన్నదిగా నుండవలెననియు, పిల్లలడిగినది తెలియనప్పుడు తెలియదని చెప్పుటకు ఉపాధ్యాయుడు సిగ్గుపడరాదనియు ఆమె సలహా.

మన దేశమున రవీంద్రనాథ ఠాగూరు 1901లో శాంతినికేతనమున ఐదుగురు విద్యార్థులతో బడి ప్రారంభించెను. అచట చెట్టునీడ తరగతి పండుగనాటి వేడుక కాదు, నిత్యకృత్యము. నేటికిని అచట తరగతులు చెట్ల క్రింద జరుగుచున్నవి.

మన ఉన్నత పాఠశాలలలో ఈ పని ప్రారంభించుటకు అడవి అక్కరలేదు. ఆవరణలో ఒక వేపచెట్టున్న చాలును. వారపు టైంటేబిలులో దానికొక పీరియడు కేటాయింపవలెను; ఎండకాలమున అది ఉదయపు మొదటి పీరియడైన మేలు. ఆకు రాలుట ఎన్నడు మొదలైనది, చిగురు ఎన్నడు తొడిగినది, తొలిపూత ఎన్నడు కనబడినది – పిల్లలు చూచి తేదీతో నోటుపుస్తకమున వ్రాయుదురు. ఉగాదికి వేపపూత వచ్చునని మనమందరము ఎరుగుదుము. కాని ఉగాది చాంద్రమానమును బట్టి వచ్చు పండుగ. ఒక యేడు మార్చిలో, మరియొక యేడు ఏప్రిలులో వచ్చును. కనుక మార్చి, ఏప్రిలు లెక్కలోనే తేదీ వేయవలెను.

ఆ పుస్తకమును తరువాతి తరగతికి అప్పగింపవలెను. ఉపాధ్యాయుడు బదిలీ అయినను పని ఆగదు. పదేండ్లు గడచిన పిమ్మట, మన ఊరిలో వేప ముందుగా పూయుచున్నదా, ఆలస్యముగా పూయుచున్నదా యన్న ప్రశ్న వచ్చినచో, అది చెప్పగల పుస్తకము ఆ బడిలోనే యుండును.