బ్రేకు ఏ వైపు?

చరిత్ర రాసేవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. “ఆ రోజుల్లో బొగ్గు వ్యాగన్లు బారులు తీరి నడిచేవి” అని ఒక్క వాక్యం రాసి పక్క పేరాలోకి వెళ్ళిపోవచ్చు. రైలు మోడల్ చేసేవాడికి ఆ దారి లేదు. వ్యాగన్ పక్కకి ఎన్ని చెక్కలు, బ్రేకు లివరు ఒక వైపే ఉందా, బొగ్గు వ్యాపారి తన పేరు ఏ రంగులో రాయించాడు, లోపలి చెక్కకు రంగు వేశారా లేదా, ఇవన్నీ తేల్చుకుంటే తప్ప చేతిలో కుంచె కదలదు. బొమ్మ రైళ్ళ పిచ్చోళ్ళని నవ్వేవాళ్ళు నవ్వనీ. ఇంగ్లండు రైల్వేల చరిత్రలో చిల్లర వివరమంతా చాలావరకు ఈ పిచ్చోళ్ళు పోగేసి పెట్టిందే.

ఆ బ్రేకు సంగతే చూడండి. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ చాలా సరుకు వ్యాగన్లకు బ్రేకు ఒక పక్క నుంచే వేయడానికి వీలుండేది. రెండో పక్క ఉన్న షంటరు, అంటే వ్యాగన్లు కలిపి విడదీసేవాడు, దాన్ని అందుకోవాలంటే వ్యాగన్ల సందులో దూరి అవతలికి పోవాలి. అలా దూరి చేతులు, కాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. రైల్వే ఉద్యోగులకు ప్రమాదాలు తప్పించాలని 1900లో చట్టమైతే చేశారు గాని, బ్రేకు రెండు పక్కల నుంచీ వేసేలా ఉండాలన్న నియమం 1911 దాకా రాలేదు. పాత వ్యాగన్లు మార్చడానికి మళ్ళీ ఏళ్ళకేళ్ళు గడువు. ఖర్చు సొంతదార్లది కదా మరి! అందుకని 1908 నాటి స్టేషను చేసినవాడు అన్ని వ్యాగన్లకూ రెండు వైపులా లివర్లు పెట్టాడంటే మా క్లబ్బులో ఎవరో ఒకరు వంగి చూసి, గొంతు సవరించుకుంటారు.

మా క్లబ్బు అన్నాను గదా. మా నాన్న బిట్రగుంటలో గూడ్స్ గార్డు. నేను మత్తు డాక్టర్ని, ఉద్యోగం కోసం వచ్చి లాంకషైర్‌లో ఒక చిన్న ఊళ్ళో స్థిరపడ్డాను. బుధవారం సాయంత్రాలు చర్చి వెనకాల హాల్లో చేరతాం. ఎలక్ట్రీషియను, బస్సు డ్రైవరు, రిటైరైన లెక్కల మాస్టారు, ఒక లాయరు. ఇంటి విషయాలు ఎవరూ మాట్లాడరు. ఒకాయన భార్య పోయిన సంగతి మాకు చాలా రోజులకు గాని తెలియలేదు. ఆ రోజుల్లోనే ఆయన నాకు 1912 నాటి పాల వ్యాను కొలతల మీద పేజీలకు పేజీలు ఉత్తరాలు రాశాడు. మొదట్లో నాకిది విడ్డూరంగా తోచింది. ఇప్పుడలా అనిపించడం లేదు. “నీకు పనికొస్తుందేమోనని తెచ్చా” అంటూ కోటు జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీసి ఇవ్వడమే వాళ్ళలో పలకరింపు, పరామర్శ, అన్నీ.

లండన్‌లో మోడల్ రైల్వే క్లబ్బు పుట్టింది 1910లో. ఇలాంటి క్లబ్బుల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదేనంటారు. 1920లో లివర్‌పూల్ నుంచి హార్న్‌బీ రైళ్ళు బజారుకొచ్చాక పిల్లలున్న ప్రతి మధ్యతరగతి ఇంటికీ ఈ పిచ్చి పాకింది. ఇక అసలు తగాదా. అక్కడ ఎక్కువమంది వాడే డబుల్ ఓ కొలతలో నిజం అడుగుకు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల రైలు దారికి పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు రావాలి. ఉన్నది 16.5. బ్రిటిష్ సొరంగాలు, వంతెనలు ఇరుకు కాబట్టి ఇంజన్లూ సన్నంగా ఉండేవి. ఆనాడు దొరికే మోటార్లు వాటి పొట్టలో పట్టలేదు. అందుకని యూరపు కొలత పట్టాలు అలాగే ఉంచి పైన ఒంటిని మాత్రం కాస్త పెంచారు. ముందు నుంచి చూస్తే ఇంజన్ కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది.

ఆ రెండు మిల్లీమీటర్ల చిల్లర కోసం సంఘాలు చీలాయి. 18తో సరిపెట్టుకుందామని కొందరు. 1960లలో ఇంకో బృందం కచ్చితంగా 18.83 ఉండాల్సిందేనని పట్టుబట్టి చక్రం అంచు మందం దగ్గర్నుంచి కొత్తగా లెక్కగట్టింది. మా క్లబ్బులో ఒకాయనది 16.5, ఆయన ప్రాణస్నేహితుడిది 18.83. ఒకరి రైలు ఇంకొకరి పట్టాల మీద జన్మలో నడవదు. ఎక్కడ ఎగ్జిబిషన్ జరిగినా ఇద్దరూ ఒకే కారులో వెళ్తారు, దారి పొడవునా ఇదే వాదన.

ఈ రంగంలో పాస్టర్లు ఎక్కువ. చర్చి వాళ్ళకు ఒకప్పుడు పాతకాలపు పెద్ద ఇల్లు ఇచ్చేది, రైలు పరచడానికి గదులుండేవి. వారమంతా ఇంటిపట్టునే పని. నాకు తోచిన కారణమిది, వాళ్ళనడిగితే ఇంకేదైనా చెబుతారేమో. థామస్ ఇంజన్ కథల రెవరెండ్ ఆడ్రీ అలాంటివాడే. 1945లో మొదటి పుస్తకం వచ్చింది, పేరొచ్చాక కూడా తన మోడల్ రైల్వే లేఅవుట్ మోసుకుని ఎగ్జిబిషన్లకు వెళ్ళేవాడు. ఆయన స్నేహితుడు టెడ్డీ బోస్టన్ కూడా పాస్టరే. లెస్టర్‌షైర్‌లోని కేడ్‌బీలో ఇంటి తోటలో నిజం ఆవిరి ఇంజనే నడిపాడు. ఆ కథల్లో కనబడే లావుపాటి పాస్టరు బోస్టన్, సన్నటాయన ఆడ్రీ.

వీళ్ళందర్లో నాకు పీటర్ డెన్నీ అంటే ఎక్కువ ఇష్టం. ఆయన 1940లలో బకింగ్‌హామ్‌కి లేని రైలు దారిని ఉన్నట్టు ఊహించుకుని, 20వ శతాబ్దం తొలినాళ్ళలో గ్రేట్ సెంట్రల్ కంపెనీ నడిపినట్టు కట్టాడు. ఊహ దారిలోనే, నడక మాత్రం నిజం. టైమ్‌టేబుల్ ఉంది, సిగ్నల్ క్యాబిన్లున్నాయి, ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు బెల్లు కొట్టి అనుమతి తీసుకోకుండా బండి కదలదు. అవతలి స్టేషను చూసుకునేది కొడుకు క్రిస్పిన్. అతను దొరకని రోజుల కోసం బెల్లుకు బెల్లుతో జవాబిచ్చే యంత్రం చేసి దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టాడు! డెన్నీ పోయాక ఆ లేఅవుట్ చెత్తబుట్ట పాలు కాకుండా తోటి మోడలర్లు కాపాడారు.

ఆ బెల్లు భాష నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్న డ్యూటీ దిగి వచ్చి చెప్పే కబుర్లలో సగం లైన్ క్లియర్ గురించే. సింగిల్ లైన్లో బాల్ టోకెన్ ఎలా పనిచేస్తుందో ఒక బుధవారం మా వాళ్ళకు చెప్పాను. ఇనుప బంతి మిషన్లోంచి బయటికి రావాలంటే అవతలి స్టేషను ఒప్పుకోవాలి, ఆ బంతిని సంచిలో పెట్టి పేము వలయానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు, అది తన దగ్గరుంటే ఆ సెక్షను తనది. వాళ్ళకు తెలిసినవి కర్ర టోకెను, బిళ్ళ టోకెను. బంతి అనగానే కాగితాలు బయటికొచ్చాయి. బంతి బరువెంత, అని మొదటి ప్రశ్న.

రంగుల దగ్గరకొస్తే వీళ్ళు పరిశోధకుల్ని మించిపోతారు. 1923లో బ్రిటన్ రైలు కంపెనీలు చాలావరకు నాలుగు పెద్ద కంపెనీల్లో కలిసిపోయాయి. 1948లో ఆ నాలుగూ ప్రభుత్వపరమయ్యాయి. పాత కంపెనీల రంగులు, గుర్తులు, కాగితాలు కళ్ళముందే మాయమవుతుంటే 1950లో హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ పెట్టుకుని డ్రాయింగులు, ఫోటోలు చేర్చడం మొదలుపెట్టారు. ఫోటో ఉంటే చాలనుకుంటాం. చాలదు. పాతకాలపు గాజు ప్లేటుకు ఎరుపు కనిపించదు, నల్లగా పడుతుంది. నీలం తెల్లబోతుంది. పైగా కంపెనీ వాళ్ళు కొత్త ఇంజన్‌కి ఫోటో బాగా రావాలని ముందు బూడిద రంగు పూసి తీయించేవాళ్ళు, మామూలుగా ఆ రంగుతో ఇంజన్ సర్వీసుకు పోయేది కాదు. బ్రైటన్ లైను ఇంజన్ల పెద్ద స్ట్రౌడ్లీ తన రంగును ‘మెరుగుపరచిన ఇంజన్ ఆకుపచ్చ’ అన్నాడు. చూస్తే పసుపుపచ్చటి ఆవపొడి. ఆయనకు రంగులు సరిగా ఆనేవి కావని కొందరంటారు, కాదని కొందరు. ఆ రంగులో ఉన్న గ్లాడ్‌స్టన్ అనే ఇంజన్ని 1927లో తుక్కు కింద పోకుండా కొని నిలబెట్టింది కూడా ఔత్సాహికులే. ఇప్పుడది యార్క్ మ్యూజియంలో ఉంది.

నా సొంత పని బిట్రగుంట లోకోషెడ్. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన మన అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజ్‌కు సరిగ్గా 22 వస్తుంది. చిల్లర గొడవ లేదు గాని ఆ పట్టాలు ఏ షాపులోనూ దొరకవు, స్లీపరు దగ్గర్నుంచి చేత్తో చేసుకోవాలి. అందులో నాకు తోడు తొంభై దాటిన ఒక గ్లాస్గో పెద్దాయన. 1950లో మన డబ్ల్యూజీ గూడ్స్ ఇంజన్ల మొదటి విడత నార్త్ బ్రిటిష్ కంపెనీలో తయారవుతున్నప్పుడు ఆయన అక్కడ అప్రెంటిస్. బ్రాడ్‌గేజ్ ఇంజన్ వాళ్ళ పట్టాల మీద నడవదు కాబట్టి ఊరి వీధుల్లోంచి బండి మీద లాక్కెళ్ళి, క్లైడ్ నది ఒడ్డున ఫినీస్టన్ క్రేనుతో ఓడెక్కించేవాళ్ళు. అక్కడిదాకా ఆయనకు తెలుసు. ఆ తరవాత ఇంజన్ల గతి ఏమైందో నా వల్లే తెలిసింది. సగం కథ ఆయనది, సగం నాది.

ఆయన ప్రశ్నలకు అంతుండదు. బొగ్గు ఎలా ఎక్కించేవాళ్ళు, బూడిద గుంట ఎంత పొడుగు, నీళ్ళ కాలమ్ ఏ పక్క? నాన్న లేడు. కావలిలో ఉన్న బాబాయికి ఫోన్ చేశాను, ఆయన ఆ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

“గంపలతోరా. మనుషులే మోసేవోళ్ళు.”

“గంపకు ఎంత పట్టేది బాబాయ్?”

“అది కూడా అడిగినాడా ఆ దొర? నాకేం తెలుసు, మేం పారతో ఎగదోసేవాళ్ళమే గాని గంప ఎత్తలా. ఉండు, చీరాలోడిని అడిగి చెప్తా.”

చీరాలోడంటే తనతో చేసిన ఇంకో ఫైర్‌మన్. ఆయన ఇంకెవర్నో అడిగాడు. ఇప్పుడు కావలి టీ బంకు దగ్గర నలుగురు రిటైర్డ్ రైల్వే వాళ్ళు రోజూ కూడుతున్నారట, పిన్ని ఫిర్యాదు. గంప లెక్క తేలింది, బూడిద గుంట పొడవూ తేలింది. నీళ్ళ కాలమ్ దగ్గరే తగవు. తూర్పు పక్కనేనని బాబాయి, కాదు పడమరేనని చీరాలాయన. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదట. గ్లాస్గో పెద్దాయనకు ఈ మాట చెబితే, రెండు పక్కలా ఉండి ఉండొచ్చు కదా, ఏ ఏడాదిదో అడగమన్నాడు.