పానగల్లు రాజా (పానుగంటి రామారాయణింగారు)

పానగల్లు రాజాగా ప్రసిద్ధుడైన పానుగంటి రామారాయణింగారు (1866–1928) శ్రీకాళహస్తిలోని వెలమ జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతం, తత్త్వశాస్త్రం చదివి పట్టభద్రుడై, 1921 జూలై నుంచి 1926 డిసెంబరు వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశాడు. 1912–15 మధ్య ఢిల్లీలోని శాసనమండలిలో సభ్యుడిగా ఉన్న ఆయన, బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లోను పాలనలోను భాగం కావాలంటూ పుట్టిన జస్టిస్ పార్టీలో తొలినాళ్ల నుంచీ ప్రముఖుడు.

1920 ఎన్నికల తరువాత ఏర్పడిన జస్టిస్ పార్టీ తొలి మంత్రివర్గంలో ఆయన స్థానిక పాలనాశాఖ చూశాడు. ఆ మంత్రివర్గానికి నాయకుడైన సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకున్నాక తానే ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటిది ద్వంద్వపాలన: విద్య, వైద్యం, స్థానిక సంస్థలు వంటి శాఖలను మంత్రులకు అప్పగించి, ఆర్థికం, పోలీసు, భూమిశిస్తు వంటివి గవర్నరు, ఆయన కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉంచిన ఏర్పాటు. ఖజానా తాళం తమ చేతిలో లేని మంత్రులు ఐదేళ్లకు పైగా చేసిన పనిని ఈ పరిమితిని గుర్తుంచుకునే తూచాలి. కులాలవారీగా ఉద్యోగావకాశాలు పంచే తొలి ఉత్తర్వు 1921 సెప్టెంబరులో వెలువడింది. దేశీయ వైద్యంపై ఉస్మాన్ సంఘం చేసిన విచారణ దరిమిలా 1925లో మద్రాసులో ఆయుర్వేద, సిద్ధ, యునానీ పద్ధతులు బోధించే ప్రభుత్వ పాఠశాల మొదలైంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది.

ఆయన పదవీకాలం నిరాటంకంగా సాగలేదు. మంత్రివర్గంలో తెలుగువారి ప్రాబల్యం ఎక్కువైందని తమిళ సభ్యులు కినుక వహించగా, పార్టీని వీడిన కట్టమంచి రామలింగారెడ్డి 1923 నవంబరులో ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం 44కు 65 ఓట్లతో వీగిపోయింది.

ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా లోతుగా వేళ్లూనుకున్నది హిందూ దేవాదాయ చట్టం. ఆలయాల మాన్యాలు, ఆదాయం ధర్మకర్తల ఇష్టానుసారం కరిగిపోతుంటే కోర్టుకెక్కడం తప్ప భక్తులకు వేరే దారి లేని కాలంలో, వాటి లెక్కలను తనిఖీ చేసే బోర్డును నెలకొల్పడానికి 1922లో ఆయన ప్రవేశపెట్టిన బిల్లును మఠాధిపతులు, ధర్మకర్తలు గట్టిగా ఎదిరించారు. ఆ బిల్లు 1925లో చట్టమైనా దాని చెల్లుబాటుపై వివాదం తలెత్తడంతో, జస్టిస్ పార్టీ ఓడి సుబ్బరాయన్ మంత్రివర్గం వచ్చాక 1927లో దాన్ని మళ్లీ చట్టం చేశారు. 1951లో మద్రాసు, 1966లోను 1987లోను ఆంధ్రప్రదేశ్ తెచ్చిన దేవాదాయ చట్టాలు ఈ పునాది మీద లేచినవే.