ఈస్ట్ ప్యాకెట్ అక్కర్లేని బీరు

అమెరికాలో ఉన్న మా కొలీగ్ ఒకడు కిట్ కొని ఇంట్లోనే బీరు చేస్తున్నాడట. నేనూ మొదలెడదామని ముచ్చటపడి, నల్లగొండ దగ్గర మా ఊళ్ళో తాతకి చెప్పా. మాల్టు ఉడికించాలి, చల్లార్చాలి, ఈస్ట్ కలపాలి, రెండు వారాలు ఆగాలి...

"గిన్ని తిప్పలెందుకు బిడ్డా? మాపటికి లొట్టి కడితే పొద్దుగాలకే కల్లయితది" అని నవ్వాడు.

నిజమే. తాటి, ఈత నీరాలో చక్కెర ఉంటుంది. ఈస్ట్ గాలిలోంచీ, పాత లొట్టిలోంచీ తనంతట తనే వచ్చి చేరుతుంది.

మరి చట్టం? అమెరికాలో 1978లో కార్టర్ సంతకంతో ఇంటి బీరుకి ఫెడరల్ అనుమతి వచ్చింది. మనకున్నది 1968 నాటి ఎక్సైజు చట్టం, లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే నేరమే. ఈ పద్ధతికి మూలం నిజాం కాలపు ఆబ్కారీలో ఉంది. చెట్టుకి పన్ను, దుకాణానికి వేలం, ఖజానాకి పెద్ద రాబడి. గీసే గౌడన్నకి మిగిలింది మోకు, ముస్తాదు, జారిపడితే విరిగే నడుము.

దుకాణం నడిపేవాడు పెట్టుబడి రాబట్టుకోవాలి, చెట్లేమో చాలవు. అలా పాలమూరు కల్లు సీసాల్లోకి క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం చేరాయి. 2015లో అధికారులు కల్తీని ఆపేసరికి, దానికి అలవాటుపడ్డవాళ్ళు వణుకుతూ ఆస్పత్రుల్లో చేరారు.

నా కిట్ ఆలోచన మానేశా లెండి. చెట్టు కింద తాగిన కల్లులో ఏముందో తాతకి తెలుసు. సీసాలో ఏముందో మాత్రం తాగేవాడికి తెలీదు.