చైనా సంస్కృతిలో దాతృత్వం

చైనా భాషలో దాతృత్వానికి నేడు వాడుకలో ఉన్న మాట 'త్సిషాన్'. ఇందులో 'త్సి' కన్నవారి వాత్సల్యాన్ని చెబుతుంది. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చినవారు 'మైత్రి'కి ఎంచుకున్నదీ ఈ మాటనే. 'షాన్' అంటే మంచి. అయితే చరిత్రలో ఇంతకన్నా ఎక్కువ పనిచేసిన మాట 'యి'. మనం ధర్మసత్రం, ధర్మాసుపత్రి అన్నట్టే చైనీయులు ఊరి మేలు కోసం నడిచే బడికి, ధాన్యపు కొట్టుకు, దిక్కులేనివారి శ్మశానానికి ముందు దీన్ని చేర్చేవారు. 19వ శతాబ్ది చివర అమెరికన్ మిషనరీ ఆర్థర్ స్మిత్ చైనీయుల స్వభావంపై రాసిన పుస్తకంలో, అక్కడ ధర్మసంస్థలున్నా వాటి వెనుక నిజమైన సానుభూతి కొరవడిందని తేల్చాడు. 1912లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇదే విషయంపై పరిశోధించిన త్సు యూ-యువే పరస్పర సహాయమే చైనా దాతృత్వానికి ప్రాణమని చూపాడు. ఆధారాలు త్సు వైపే ఉన్నాయి. చైనా దాతృత్వపు గొప్పదనాన్ని ఒక్కొక్క దాత ఔదార్యంలో వెతికితే సగమే కనిపిస్తుంది. నలుగురు కూడి, నియమాలు రాసుకుని, జమాఖర్చులు చూపి నడిపిన పద్ధతిలో మిగతా సగం ఉంది.

హాన్ వంశం క్రీ.పూ. 54లో ధరలను అదుపులో ఉంచే ధాన్యాగారాలు నెలకొల్పిన నాటి నుంచి చాలాకాలం కరువు సాయం ప్రధానంగా రాజ్యం పనిగానే సాగింది. దానాన్ని రాజ్యం గడప దాటించినది బౌద్ధం. మనకు నేడు పుణ్యక్షేత్రం అంటే యాత్రాస్థలం. బౌద్ధులకు అది దానమనే విత్తు చల్లితే పుణ్యం పండే పొలం. ఆ పొలాల్లో 'కరుణా క్షేత్రం' పేదలది, రోగులది. తాంగ్ కాలపు ఆరామాలు ఈ పేరుతోనే వైద్యశాలలు నడిపాయి. 845లో వూజోంగ్ చక్రవర్తి 4,600కు పైగా ఆరామాలను కూల్చి, రెండున్నర లక్షలకు మించిన భిక్షువులను, భిక్షుణులను గృహస్థులుగా మార్చినప్పుడు ఈ వైద్యశాలలకు కొంత భూమి కేటాయించి స్థానిక పెద్దలకు అప్పగించారు. సోంగ్ కాలంలో ఫాన్ ఝోంగ్యాన్ (989–1052) సుజౌలో తన వంశీకుల కోసం వెయ్యి 'మూ'లకు (చైనా భూకొలత) పైగా పొలం రాసి ఇచ్చాడు. రెండేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, పేదరికంలో చదువుకుని మంత్రి పదవికి ఎదిగిన మనిషి ఆయన. రోజువారీ బియ్యం, చలికాలానికి గుడ్డ, పెళ్లికీ చావుకూ ఎంతెంత ఇవ్వాలో నియమాలు రాసిపెట్టాడు. ఆ ధర్మభూమి సుమారు తొమ్మిది వందల ఏళ్లు నిలిచింది. దాత పోయినా ధర్మం నడవాలంటే కాగితం మీద నియమం ఉండాలన్న ఆయన దూరదృష్టి ప్రశంసనీయం.

చైనీయుల దయ ఇంటిపేరు దాటి పోదన్న విమర్శకు ఫాన్ ధర్మభూమినే తరచుగా ఉదాహరణగా చూపుతారు. మింగ్ వంశపు చివరి అరవై ఏళ్లను చూస్తే ఆ విమర్శ నిలవదు. 1590లో హెనాన్‌లోని యూచెంగ్‌లో యాంగ్ దోంగ్మింగ్ అనే అధికారి, సరదాగా కూడుకునే పెద్దమనుషుల 'సహ ఆనంద సభ'ను 'సహ సత్కార్య సభ'గా మార్చాడు. విందులకు వేసుకునే చందా వంతెనలకు, రోడ్లకు, పేదల పెళ్లిళ్లకు, అంత్యక్రియలకు మళ్లింది. 1614లో దోంగ్లిన్ విద్యాపీఠపు పండితుడు గావ్ పాన్‌లోంగ్ ఊషీలో, 1631లో చెన్ లోంగ్‌ఝెంగ్ జియాషాన్‌లో ఇలాంటి సభలే పెట్టారు. వీటిలో చేరడానికి బంధుత్వం అక్కర్లేదు. మూడు నెలలకోసారి సభ్యులు కలిసేవారు, చందా వసూలయ్యేది, ఎవరికి ఎంత ఇచ్చారో లెక్క తేలేది, చదువురాని వారికీ అర్థమయ్యే వాడుకభాషలో నీతి ప్రసంగం జరిగేది. షావోషింగ్‌లో 1641 కరువు వేళ చీ బియావ్‌జియా అనే పండితుడు గంజి కేంద్రాలు, మందుల శాల, వదిలేసిన పసిపిల్లలకు ఆశ్రయం ఏర్పాటు చేసి, ఆ శ్రమనంతా దినచర్యలో రాసుకున్నాడు. ఆ సాయం చుట్టాలకే పరిమితం కాలేదు.

ఇదంతా పుణ్యం మూటగట్టుకోవడానికేనన్నది రెండో ఆక్షేపణ. ఇందులో నిజం లేకపోలేదు. ఆ కాలంలో పుణ్యపాపాల ఖాతా పుస్తకాలు విరివిగా వాడుకలో ఉండేవి. ఏ మంచిపనికి ఎన్ని మార్కులో, ఏ తప్పుకు ఎన్ని పోతాయో వాటిలో ఉండేది. యువాన్ హువాంగ్ (1533–1606) ఈ లెక్కను విస్తృతంగా ప్రచారం చేశాడు. కానీ ఫలాపేక్షతో లాభనష్టాలు బేరీజు వేసే ఈ పద్ధతిని గావ్ వంటి దోంగ్లిన్ పండితులు మెచ్చలేదు. అయినా చందా ఇచ్చారు, ఇప్పించారు. ప్రేరణ ఏదైనా గంజి గంజే. అంతకన్నా బరువైన ఆక్షేపణ వేరే ఉంది. జియాషాన్ సభ ముందుగా చూసింది తల్లిదండ్రులను సేవించే కొడుకులను, మళ్లీ పెళ్లాడని వితంతువులను. సోమరులనూ దుర్వ్యసనపరులనూ పక్కన పెట్టింది. ఆకలికి నడవడి పరీక్ష పెట్టడం ఈ సంప్రదాయంలోని నిజమైన లోపం. ఆ లోపాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి: చేతిలో ఉన్నది కొద్దిపాటి చందా, అడిగే చేతులు వందలు. ఆ పరిస్థితిలో ఎవరికి ముందు అన్న ప్రశ్నకు నలుగురూ ఒప్పుకునే నియమం లేకపోతే సభే నిలిచేది కాదు.

ఆ సభలను నడిపిన తరం విషాదాంతమైంది. గావ్ 1626లో అరెస్టు తప్పించుకోవడానికి నీటిలో దూకాడు. 1645లో మంచూల విజయం తరువాత చీ తన తోట కొలనులో ప్రాణం వదిలాడు, చెన్ కూడా ఆ ఏడే మరణించాడు. పద్ధతి మాత్రం చావలేదు. 1655లో యాంగ్‌ఝౌలో అనాథ శిశువుల ఆశ్రయం వెలిసింది. 1724లో యోంగ్‌ఝెంగ్ చక్రవర్తి ఇలాంటి సంస్థలను మెచ్చుకుంటూ శాసనం వెలువరించాడు. తరువాతి నూరేళ్లలో ఇవి పట్టణాల నిండా వ్యాపించాయి.

రాజ్యం నీడ లేకుండా ఇక్కడ దానం బతకలేదనే వారికి హెనాన్ చరిత్రే జవాబు. 1594లో ఆ రాష్ట్రపు కరువును బొమ్మలుగా గీయించి యాంగ్ దోంగ్మింగ్ వాన్లీ చక్రవర్తికి పంపాడు. బొమ్మలు చూసి దర్బారు సాయం పంపింది. మళ్లీ 1876–79లో ఉత్తర చైనా ఎండింది. మన రాయలసీమ ధాత కరువుతో అల్లాడిన కాలమూ అదే. రెండిటికీ మూలం ఒకే ఎల్ నీనో. చైనాలో 90 లక్షల నుంచి కోటీ 30 లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పుడు షియే జియాఫూ అనే దాత మిత్రులతో కలిసి 'ఇనుప కన్నీళ్ల' (ఇనుప మనిషినీ ఏడిపించే) హెనాన్ కరువు బొమ్మలు అచ్చు వేయించాడు. ఈసారి ఆ బొమ్మలు వెళ్లింది చక్రవర్తి దగ్గరకు కాదు, దక్షిణాది పట్టణాల సామాన్య జనం చేతికి. షాంఘైలో జింగ్ యువాన్‌షాన్ వంటి వ్యాపారులు 'షెన్ బావ్' పత్రిక ద్వారా విరాళాలు పిలిచారు, లెక్కలు ప్రచురించారు. ఎన్నడూ చూడని రాష్ట్రపు మనుషుల కోసం ఒక వస్త్ర వ్యాపారి, ఒక గుమాస్తా డబ్బు పంపడం చైనా దాతృత్వ చరిత్రలో అత్యున్నత ఘట్టం. 1904లో షాంఘైలో మొదలైన రెడ్‌క్రాస్‌కు పునాది వేసింది ఈ అనుభవమే. సముద్రాలు దాటిన వారిలోనూ అదే దాతృత్వం: సింగపూర్ రబ్బరు వర్తకుడు తాన్ కా కీ 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం స్థాపించి, వ్యాపారం దెబ్బతిన్నా 1937లో ప్రభుత్వానికి అప్పగించే దాకా పోషించాడు.

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక ఈ సంస్థలను ప్రభుత్వం తనలో కలుపుకుంది. భిక్షమెత్తి పేదపిల్లలకు బడులు కట్టించిన షాన్‌దోంగ్‌వాసి వూ షున్ (1838–1896) జీవితంపై వచ్చిన సినిమాను 1951లో మావో స్వయంగా ఖండించాడు. పాత వ్యవస్థను కూలదోయక దానికి తలవంచిన వాడిని పొగడటం తగదన్నది ఆయన వాదం. దానం అసమానతను కప్పిపుచ్చుతుందన్న ఆ విమర్శను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ వూ షున్ బడిలో అక్షరాలు నేర్చిన పిల్లవాడికి వేరే బడి ఏదన్న ప్రశ్నకు ఆ వాదంలో జవాబు లేదు. 1989లో పల్లె పిల్లల చదువుకు 'ఆశా పథకం' మొదలైంది. 2008 వెన్‌చువాన్ భూకంపం దేశమంతటినీ విరాళాలకు కదిలించింది. 2016 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన దాతృత్వ చట్టం, సంస్థలు లెక్కలు బయటపెట్టాలని శాసించింది. నమోదైన రెండేళ్లకు గానీ ప్రజల నుంచి బహిరంగంగా విరాళాలు సేకరించే అర్హత కోసం దరఖాస్తు చేయడానికి వీల్లేదంది. 2024 సెప్టెంబరులో అమలైన సవరణ ఆ గడువును ఏడాదికి తగ్గించింది.