పాతవేనంటారా?

మా అత్తగారు జ్వరం నుంచి లేచి పథ్యం పుచ్చుకున్న రోజున మా ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, అంగడాయన "ఏడాది పాతవమ్మా, కళ్లు మూసుకుని వండుకోండి" అని ఇచ్చిన బియ్యం, నేను కళ్లు తెరుచుకుని వండినా ముద్దయి కూర్చుంది. రెండోది, శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ తడలో మా దగ్గరే ఉంటున్న మా తమ్ముడి కొడుకు, ఎవరో విదేశీ ఆఫీసరు ఇచ్చాడంటూ ఒక వైను సీసా ఇంటికి తెచ్చాడు.

అత్తగారు ఒక్క మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి కంచం జరిపేశారు.

"కొత్తవే. బంకలాగా అంటుకుంటున్నాయి" అన్నారు.

వారం రోజులు జావ మీద ఉన్న మనిషి. చారు పోసుకుని నాలుగు ముద్దలు తింటారని తెల్లారుజామునే లేచి వండాను. నాకు ఏడుపొచ్చినంత పనయింది. కొత్త బియ్యం ఆవిడకు పడవు, కడుపు ఉబ్బరం. కోవూరు వైపు పెన్న కాలువల కింద పుట్టి, మొలగొలుకుల అన్నం తిని పెరిగిన మనిషిని సంచీ మీది మాటలతో మోసం చెయ్యడం ఎవరి తరం?

ఇక ఆ సీసా. మా అబ్బాయి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా ద్రాక్షారిష్టం సీసా పక్కన పెట్టాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మా నెల్లూరు జిల్లాదే. తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లింది 2022లో కదా, అందుకని ఇప్పటికీ 'మా' అనే అంటాను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాయి ఆగిపోయేదాకా ఆ ఉద్యమం నడిచింది. అలాంటి సీమలో ఆ సీసాను అలమరలో పెట్టాలంటే కాస్త బెదురుగానే ఉంది. అయినా ఏ డబ్బా చేతికొచ్చినా దాని మీద ఉన్నదంతా చదవడం నాకు అలవాటు. ఇదీ చదివాను. వెనకాల చిన్న నీలం చీటీ, దాని మీద ఒక నంబరు, రియోహా అనే ఊరి పేరు, 'గ్రాన్ రెసెర్వా' అని రెండు మాటలు.

"అంటే ఏమిట్రా?"

"పాతదని అర్థం అత్తా."

"ఎవరు చెప్పారు? అంగడాయనేనా?"

వాడు నవ్వాడు గాని, నేను వదల్లేదు. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. స్పెయిన్‌లో ఉత్తరాన ఉన్న ద్రాక్షతోటల సీమ ఈ రియోహా. అక్కడి ఎర్ర వైనుకు వయసునుబట్టి పేర్లున్నాయి. రెండేళ్లు దాచి, అందులో కనీసం ఒక ఏడాది ఓక్ కర్ర పీపాలో ఉంచితే 'క్రియాన్సా'. మూడేళ్లు దాస్తే, అందులో ఏడాది పీపాలోను, ఆర్నెల్లు సీసాలోను గడిస్తే 'రెసెర్వా'. ఐదేళ్లు దాస్తే, రెండేళ్లు పీపా, రెండేళ్లు సీసా, 'గ్రాన్ రెసెర్వా'. క్రియాన్సాకు ఎర్ర చీటీ, రెసెర్వాకు ముదురు మెరూన్ రంగు, పెద్దదానికి నీలం. ఈ చీటీలు అంగడివాడు అంటించుకునేవి కావు. రియోహా పేరుకు 1925లోనే రక్షణ వచ్చింది. దాన్ని కాపాడే మండలి లెక్క చూసి ఇచ్చే చీటీలివి.

నాకు బాగా నచ్చింది ఆ మొదటి మాట. క్రియాన్సా అంటే పెంపకం. పిల్లల్ని పెంచడానికీ ఆ మాటే వాడతారట! మూలన పడేసి మరిచిపోతే వచ్చే పాతదనం కాదన్నమాట, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

కనిపెట్టుకుని ఉండేవాడికి ఖర్చూ ఉంది. 1780ల్లో మాన్యుయల్ కింటానో అనే మతాచార్యుడు ఫ్రాన్సులో బోర్డో వెళ్లి, వైనును పీపాల్లో నిలవచేసే విద్య నేర్చుకుని వచ్చాడు. పీపాలకు డబ్బు పోశాడు, కాలం పోశాడు. తీరా అమ్మబోతే, అందరి వైనూ ఒకే ధరకు అమ్మాలని కట్టడి చేశారు. పీపాల ఖర్చు ఎవరిస్తారు? ఆ ప్రయత్నం అంతటితో సరి. తర్వాత 1860ల నుంచి ఫ్రాన్సు తోటల్ని ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు కొరికేస్తే, బోర్డో వర్తకులు వైను కోసం పిరనీస్ కొండలు దాటి రియోహాకు వచ్చారు. అప్పుడు గాని ఆ పీపాలకు విలువ రాలేదు. విలువ వచ్చాక దొంగ సీసాలూ వచ్చాయి. ఖాళీ సీసాలో వేరేది నింపకుండా కొందరు సీసా చుట్టూ సన్నని తీగ వల అల్లారు. మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ కట్టి, ఆ ముడి తనకే తెలిసేట్టు వేసేది. అదే తెలివి!

మన పెద్దలకు ఇలాంటి లెక్క తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. సుశ్రుత సంహితలో నేతికి వయసునుబట్టి పేర్లున్నాయి. పదకొండేళ్ల నుంచి నూరేళ్ల దాకా ఉన్నది కుంభసర్పి, ఆపైది మహాఘృతం. నూరేళ్ల నెయ్యి! మా ఇంట్లో నూరు గంటలు ఆగదు. శార్ఙ్గధరుడేమో చూర్ణం రెండు నెలలకే బలం తగ్గుతుందని, లేహ్యానికి ఏడాది గడువని చెప్పి, ఆసవాలు మాత్రం పాతబడితేనే గుణం అన్నాడు. ధాన్యం కూడా ఏడాది గడిచిందే తేలిక అని వైద్య గ్రంథాల మాట.

ఎందుకు తేలికో ఇప్పుడు శాస్త్రజ్ఞులూ చెబుతున్నారు. నిలవలో గింజలోని మాంసకృత్తులు బిగుసుకుంటాయి, కొవ్వు విడిపోతుంది, గింజ గట్టిపడుతుంది. వండితే నీళ్లు ఎక్కువ తాగుతుంది గాని, పిండి గంజిలోకి తక్కువ వదులుతుంది. అందుకే మెతుక్కి మెతుకు విడివిడిగా ఉంటుంది. అత్తగారు ఇదంతా రెండు వేళ్లతో తేల్చేశారు, అది వేరే సంగతి.

మర్నాడు ఆవిడకు ఈ కథంతా చెప్పాను. ఐదేళ్లనేసరికి ఆవిడ లేచి కూర్చున్నారు.

"ఐదేళ్లు దాచినోడికి ఎలకల బాధ లేదంటనా అబ్బయ్యా?"

"సీసాల్లో ఎలకలేం చేస్తాయి అవ్వా?"

"అదీ అదృష్టమే. మాకు గడ్డివెంటితో చుట్టిన పురి ఉండేది. పుట్టి వడ్లు పోస్తే మళ్లీ పుట్టి వచ్చేవా? పురుగు తినేది, ఎలక తినేది, ఎండి తూకం తగ్గేది. మా నాయన అంతా ఓర్చుకుని దాచేవాడు. అడిగినోళ్లకు ఏ ఏటి పంటో చెప్పేవాడు. ఆయన చెప్తే చాలు."

పుట్టి అంటే మా నెల్లూరు లెక్కన 850 కిలోలు. అందులో తరుగు ఎంతో మీరే లెక్కేసుకోండి. అంగడాయన మీద నా కోపం అక్కడ కొంచెం మెత్తబడింది. ఏడాది సరుకు ఆపి, తరుగు భరించి అమ్మినా, ఇంకో కొట్లో కొత్తవాటికే 'పాతవి' అని రాసి తక్కువకు అమ్ముతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కొంచెమే మెత్తబడింది సుమండీ. పథ్యం రోజున మోసం చేసిన సంగతి నేనింకా మరిచిపోలేదు.

సీసా సంగతంటారా? మావాడు విప్పకుండానే స్నేహితుడికి ఇచ్చేశాడు. ఆ నీలం చీటీ ఊడదీసి ఇవ్వమన్నాను గాని, రాలేదు. గట్టిగా అంటించారు.

ఏప్రిల్‌లో పంట రాగానే తెలిసిన రైతు దగ్గర రెండు బస్తాల వడ్లు కొన్నాం. వెనక గదిలో చెక్కబల్ల మీద పెట్టించి, అత్తగారు నా చేత సుద్దముక్కతో నెల, సంవత్సరం రాయించారు. రాసింది ఒకసారి చదివి వినిపించమన్నారు. చదివాను.

"వచ్చే ఉగాదికి విప్పుదాం. అందాకా ఎలకల సంగతి నువ్వు చూసుకో" అన్నారు.